ఎవరి పాపము?

గడచిన కార్తిక పూర్ణిమనాడు మేము కుటుంబసమేతముగా సముద్రస్నానమునకు వాడరేవు పోయితిమి. చీరాలకు ఆరేడు కిలోమీటరుల దూరముననున్న యీ రేవు మా పర్చూరు ప్రాంతపు రైతులకు చిరపరిచితము. నల్లరేగడిలో మిరపకును పత్తికిని పాటుపడువారు ఏడాది కొకమారైన వచ్చి యిచ్చటి యుప్పునీట మునిగి పోవుట పెద్దలనాటి యలవాటు. ఆ యుదయమున తీరమంతయు జనముతో నిండియుండెను. వలలు ఆరవేసిన చోటును గూడ విడువక దీపములు వెలిగించుచుండిరి.

మాతో మా మేనకోడలును, ఆమె కూతురును వచ్చిరి. బిడ్డకు పదుమూడేండ్లు. తల చిన్నది, నుదురు వెనుకకు వాలి యుండును, మాట నాలుగైదు పదములకు మించదు. అల వచ్చి పాదములను తాకినప్పుడెల్ల ఆ పిల్ల చేతులు చరచి నవ్వుచుండెను. ప్రక్కన మునుగుచున్న యొక ముత్తైదువ కొంతసేపు చూచి, జాలితోనే కాబోలు, "ఎవరి పాపమో తల్లీ, ఇట్టా పుట్టింది!" అనెను. మా మేనకోడలు తలయెత్తి, "నా పాపేనమ్మా" అని చెప్పి, బిడ్డ తల తుడుచుచు ఒడ్డునకు నడిపించుకొని పోయెను.

ఆ ముత్తైదువ ప్రశ్నకు శాస్త్రము చెప్పెడి సమాధానమొకటి కలదు. అది మా కుటుంబమునకు అందుటకు ఆరేండ్లు పట్టినది. అందులో మా వంతును కొంత యున్నది గనుక, మేమే దానిని చదువరుల యెదుట పెట్టుట న్యాయమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తోబుట్టువులలో అక్క పెద్దది, తమ్ముడు చిన్నవాడు, నడుమ మేము. అక్క కూతురిని తమ్మునికి చేసికొనవలెనని మా అమ్మగారు ఆ పిల్ల తొట్టిలో నున్ననాటినుండియు అనుకొనుచుండెడివారు. 2009లో ఆ మాట నెరవేరినది. ఇరువైపుల పెద్దలను కూర్చుండబెట్టి లగ్నము పెట్టించినవారము మేమే. ఏడెకరముల చేను చీలిపోకుండును. కట్నపు బేరము తప్పును. అన్నిటికంటె మిన్నగా, అత్త అమ్మమ్మయే గనుక ఆడపిల్ల అత్తవారింట కంటనీరు పెట్టదు. ఇవి మా కారణములు. వీనిని నేటికిని మేము చులకన చేయజాలము. మేనరికములు మన యిండ్లలో నిలిచియుండుట వట్టి మూఢత్వమువలన కాదు. ఆడపిల్లను తెలియని యింటికి పంపుటకు తల్లిదండ్రులకు గల భయమువలన. అయితే ఆ పిల్ల యిష్టమేమని మాలో నొక్కరును అడుగలేదు. మేనమామయే గదా, అడుగవలసిన దేమున్నదని యనుకొంటిమి.

2012లో బిడ్డ పుట్టినది. దానితో మా యింట వరుసలు రెట్టింపైనవి. మా అక్క ఆ బిడ్డకు తల్లివైపున అమ్మమ్మ, తండ్రివైపున మేనత్త. మా అమ్మగారు ఒకవైపున నాయనమ్మ, మరియొకవైపున అమ్మమ్మకు అమ్మ. మమ్ములను పెదనాన్న యని పిలువవలెనా, తాత యని పిలువవలెనా యని పెద్దలందరును నవ్వుకొనెడివారు. ఆ నవ్వులాటలో నొక లెక్క దాగియున్నదని మాకప్పుడు తెలియదు.

పుట్టినప్పుడే తల చిన్నదిగా నున్నదని ఆసుపత్రి నర్సు చెప్పెను. బిడ్డ మూడేండ్లకు నడచినది. ఐదేండ్లకు "అమ్మ" యనియు, మమ్ములను చూచి "తా" అనియు అన్నది. ఇక మా యిండ్లలో కారణములు వెదకుట మొదలైనది. గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదని మా అక్క. నిండు నెలలలో శవము నెదుర్కొన్నదని పొరుగువారు. వద్దన్నను మిరపచేనికి పోయినదని మరియొకరు. పట్టణమునందలి యొక వైద్యుడు బిడ్డవైపు చూడకయే, "తల్లికి బలం చాలలేదు" అని చెప్పి యొక సీసా మందు వ్రాసి పంపెను. చెప్పినవారు ఎందరైనను నేరము మాత్రము తల్లిదే. తండ్రివైపు వ్రేలు చూపినవా రొక్కరును లేరు. కన్నతల్లియే కూతురి నట్లనుచుండగా, పెండ్లి కుదిర్చిన మేము ఆ యరుగుమీదనే కూర్చుండి వినుచు నూరకుంటిమి. అంతకు మించిన పిరికితనము మా జీవితములో మరియొకటి లేదు.

2018లో హైదరాబాదునందు బిడ్డకును, తల్లికిని, తండ్రికిని రక్తము తీసి జన్యుపరీక్ష చేసిరి. కొన్ని వారములకు ఫలితము వచ్చినది. అచ్చటి వైద్యురాలు మమ్ములనందరను కూర్చుండబెట్టి, తెల్లకాగితముమీద మా వంశవృక్షమును గీచి, విషయమును విడమరచి చెప్పెను. ఆమె చెప్పినదానిని మా ప్రాంతమువారికి తెలిసిన పోలికతో చెప్పెదము.

చీరాల మగ్గములు చూచినవారికి రెండు పోగులు కలిపి పేనిన నూలు తెలియును. అందొక పోగు తెగినను రెండవది బరువు మోయును; చీరకు లోపము కనబడదు. మనుష్యుని శరీరమును నిర్మించు జన్యువులు ఇంచుమించు ఇరువదివేలు. దాదాపు ప్రతి జన్యువును మనయందు జంటగా నుండును; తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. ఎంత యారోగ్యవంతునియందైనను ఇట్లు తెగిన పోగులు కొన్ని యుండనే యుండును. జంటపోగు గట్టిది గనుక అవి యున్నట్లు అతడు బ్రతికినంతకాలము ఎరుగడు. ఒకే జన్యువున రెండు పోగులును తెగినప్పుడే లోపము బయటపడును.

మా బిడ్డయందు తెగిన పోగునకు ఏ.ఎస్.పి.ఎం. అని పేరు. తల్లికడుపున మెదడు ఏర్పడునప్పుడు దాని మూలకణములు ఒకటి రెండుగను, రెండు నాలుగుగను చీలి మొదట తమ సంఖ్యను పెంచుకొనును. తగినంత పెరిగిన తరువాతనే అవి ఆలోచనకు ఆధారమైన నాడీకణములుగా మారును. పెద్దవాని మెదడులో నిట్టి నాడీకణములు సుమారు 8,600 కోట్లు. కణము చీలునప్పుడు దానిలోపల దారములతో కూడిన కదురువంటి నిర్మాణమొకటి ఏర్పడి, జన్యుసంపదను రెండు వైపులకు సమముగా లాగును. శాస్త్రజ్ఞులు ఆంగ్లమున దానికి పెట్టిన పేరునకును కదురనియే యర్థము. ఆ కదురును సరియైన దిక్కున నిలుపువానిలో నీ జన్యువు ఒకటి. ఇది పనిచేయనిచో మూలకణములు చాలినంత పెరుగకమునుపే నాడీకణములుగా మారిపోవును. మెదడు ఆకారము చాలవరకు చక్కగనే యుండును; పరిమాణము మాత్రము, ముఖ్యముగా పైపొరయందు, తక్కువ. కావున తల చిన్నది, మాట ఆలస్యము. ఇదంతయు బిడ్డ భూమిమీద పడకమునుపే జరిగిపోవును. అందులో కత్తిపీటకును గ్రహణమునకును చోటులేదు.

ఈ జన్యువును 2002లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున జెఫ్రీ వుడ్సు అను వైద్యుడును, ఆయనతో కలిసి పనిచేసినవారును కనిపెట్టిరి. అమెరికాలో మెదడు ఎదుగుదలపై కృషిచేయు క్రిస్టఫరు వాల్షు పరిశోధకబృందమును అందు పాల్గొన్నది. వారికి దారి చూపినవి పాకిస్తానునుండి పోయి ఇంగ్లండున స్థిరపడిన కొన్ని కుటుంబములు. అవియు మావలెనే దగ్గరివారితో పెండ్లిండ్లు చేసికొనునట్టివి.

ఇక మా వరుసల లెక్క. మా అమ్మనాన్నలలో నొకరియం దీ పోగు తెగియుండెను. అది అక్కకు వచ్చినది, తమ్మునికిని వచ్చినది. అక్కనుండి మేనకోడలికి దిగినది. వీరు వేరువేరు ఇండ్లలో పెండ్లాడియుండిన యెడల ఆ తెగిన పోగు తన జంటను కలిసికొనుట మిక్కిలి యరుదు. మేము దానిని పీటలమీద కూర్చుండబెట్టి కలిపితిమి. మేనమామకును మేనకోడలికిని పుట్టిన బిడ్డలో సగటున ఎనిమిది జన్యువుల జంటలలో నొకదానియందు రెండు ప్రతులును ఒకే పూర్వునినుండి దిగిన నకళ్లై యుండును. బావామరదండ్ర బిడ్డలో నిది పదునారింట నొకటి. అమ్మమ్మయు మేనత్తయు ఒక్కరే యని మేము నవ్వుకొన్నప్పుడు దాగియున్న లెక్క ఇదియే.

వైద్యురాలు చెప్పుట ముగించినంతట మా మేనకోడలు చాలసేపు మాటలాడలేదు. పిదప, "అయితే మావయ్యా, నేను చేసిందేమీ లేదన్నమాట" అనెను. ఆమె ఆరేండ్లుగా ఎంత బరువు మోసినదో మాకా మాటతో తెలిసినది. తరువాత మేమును రక్తమిచ్చితిమి. మాయందును ఆ పోగు తెగియే యున్నది.

తల్లిని నిందించుట మాని తల్లి మాట వినినచోట ఈ విద్య ముందడుగు వేసినది. నార్వే దేశమున నొక తల్లి బుద్ధిమాంద్యముగల తన యిద్దరు బిడ్డలనుండి ఒక వింత వాసన వచ్చుచున్నదని వైద్యునినుండి వైద్యునికి తిరిగెను. 1934లో అస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు ఆమె మాటను మన్నించి బిడ్డల మూత్రమును పరీక్షించి, ఆహారమందలి యొక పదార్థమును శరీరము అరిగించుకొనలేక పోవుటవలన మెదడు చెడుచున్నదని కనుగొనెను. అదియు తల్లిదండ్రు లిద్దరినుండియు రెండు పోగులు తెగి వచ్చినప్పుడు కలుగునదే. 1953 నాటికి ఇంగ్లండున ఆ పదార్థము తగ్గించిన యాహారముతో చికిత్స ఏర్పడినది. పిమ్మట ఒక రక్తపుబొట్టుతో పుట్టిన దినములలోనే దానిని గుర్తించు పరీక్షయు వచ్చినది. జన్యువువలన కలిగినదెల్ల తప్పనిసరి తలవ్రాత యనుకొనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

ఆ కాలముననే లండనునందు ఈ విద్యలో కృషిచేసిన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మనదేశమునకు వచ్చి కలకత్తాలో స్థిరపడెను. మన పిఠాపురపు వాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడై, ఆంధ్రదేశపు మేనరికములనే తన పరిశోధనకు విషయముగా గ్రహించెను. ఆయనయు డాక్టరు పి. మీరాఖానును కలిసి, ఆంధ్రప్రదేశమున రక్తసంబంధపు పెండ్లిండ్లు ఎంత తరచు, వాని ఫలితము లెట్టివని 1963లో ఒక వ్యాసము ప్రకటించిరి. మా పెండ్లికి నలుబదియారేండ్లకు ముందే మన తెలుగువారు మన యిండ్లను గూర్చి వ్రాసిన సంగతి, చదువుకొన్నవారమని చెప్పుకొను మాకు తెలియలేదు. విద్య పుస్తకములలో నుండి లాభమేమి? అది పెండ్లిమాటలు జరుగు అరుగుమీదికి రావలెను.

ఈ యాచారము ప్రాచీనమైనది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుట దక్షిణాదివారి యాచారమని బౌధాయనుడే తన ధర్మసూత్రమున పేర్కొనెను. 1955నాటి హిందూ వివాహచట్టము ఇట్టి దగ్గరి సంబంధములను నిషేధించుచునే, ఆచారమున్నచోట మినహాయించినది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితలలో ఇంచుమించు నాలుగింట నొకరు రక్తసంబంధీకులను పెండ్లాడినవారే. కావున నిది ఏదో మారుమూల గ్రామపు ముచ్చట కాదు. ఈ పత్రిక చదువు ఇండ్లలోని ముచ్చటయే.

భయపెట్టుటయు మా యుద్దేశము కాదు. బంధుత్వము లేని దంపతుల బిడ్డలలోను నూటికి ఇద్దరు ముగ్గురు ఏదో యొక పుట్టులోపముతో జన్మించుచునే యున్నారు. ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డు నగరమున జరిగి 2013లో వెలువడిన పరిశీలనలో, తోబుట్టువుల బిడ్డలు పెండ్లాడినచోట ఇది నూటికి ఆరు వరకు ఉన్నట్లు తేలినది. రెట్టింపే, అయినను నూటికి తొంబదినలుగురు లోపము లేనివారే. మేనమామ మేనకోడండ్ర నడుమ బంధుత్వము ఇంతకంటె దగ్గరిది. మేనరికము చేసికొన్న మా చదువరు లనేకుల బిడ్డలు చక్కగానున్నారు. వారట్లే యుందురు గాక. మేము చెప్పునది తెలిసి యడుగు వేయుడని మాత్రమే.

గోత్రము వేరు గనుక దోషము లేదని కొందరు వాదింతురు. గోత్రము తండ్రివైపు వరుసను మాత్రమే లెక్కించును. జన్యువు తల్లిని తండ్రిని సమానముగా లెక్కించును. ఇంటి వరకే గాక కులమునకును ఈ మాట వర్తించును. హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన కె. తంగరాజు మొదలగువారును, అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 260కి పైబడిన సమూహములవారిని పరీక్షించిరి. వానిలో 81 సమూహములు కొద్దిమంది పూర్వులనుండి దిగి, బయటివారితో కలియక, తమలో తామే పెండ్లాడుచు వచ్చిన గుర్తులను బలముగా చూపినవి. అందు పదునాలుగు పదిలక్షలకు మించిన జనముగలవి. మన వైశ్యులందు మత్తుమందుతోపాటు ఇచ్చు ఒక కండరముల మందు కొందరికి త్వరగా విరుగకపోవుట ఇట్టిదానికే యుదాహరణము. వెలివాడలేని విశాలమైన పెండ్లిపందిరిని సంఘసంస్కర్తలు న్యాయమునకై కోరిరి. అది బిడ్డల యారోగ్యమునకును మేలే యని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

ఈ విద్యను చెడుదారి పట్టించినవారును లేకపోలేదు. 1933లో జర్మనీ దేశమున, బుద్ధిమాంద్యము గలవారికి బలవంతముగా సంతానము లేకుండ చేయు చట్టమును తెచ్చిరి; పిదప అట్టివారిని వేలకొలది చంపిరి. అదే కాలమున ఇంగ్లండున లయొనెల్ పెన్రోజ్ అను వైద్యుడు కోల్చెస్టరు శరణాలయమునందలి 1,280 మందిని, వారి కుటుంబములను ఏండ్లతరబడి పరిశీలించి 1938లో తన నివేదికను ప్రకటించెను. బుద్ధిమాంద్యమునకు కారణములు పెక్కులని చూపి, అట్టివారిపై సాగిన యా దుష్ప్రచారమును ఆయన ఎదిరించెను. ఎవరికి పుట్టు హక్కున్నదని విచారించుట ఈ విద్యకు పని కాదు. పుట్టినవారికి మనమేమి చేయగలము, పుట్టబోవువారి తల్లిదండ్రులకు ఏమి తెలుపగలము అని విచారించుటయే దాని పని.

చేయగలిగినది చాల యున్నది. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువుల రక్తపుబొట్లను పరీక్షింపగా, సుమారు 1,700 మందికి ఒకరియందు థైరాయిడు గ్రంథిలోపము కనబడినది. దీనిలో అన్నియు జన్యువులవలన వచ్చినవి కావు. కాని తొలి వారములలోనే కనిపెట్టి దినమునకొక చిన్న మాత్ర వేసిన యెడల బిడ్డ మెదడు చక్కగా పెరుగును. ఆలస్యమైనచో ఆ నష్టము తిరిగి పూడదు. ప్రతి ప్రసవశాలయందును ఆ బొట్టు తీయించుకొనుట తల్లిదండ్రుల హక్కని యడిగి తీరవలెను.

మా మేనకోడలును తమ్ముడును రెండవ కాన్పునకు ముందే వైద్యురాలిని కలిసికొనిరి. ప్రతి కాన్పునకును నాలుగింట నొక పాలు అపాయమున్నదని, పదునొకటవ వారము మొదలుకొని పరీక్షింపవచ్చునని ఆమె చెప్పెను. పరీక్ష చేయించుకొనిరి. ఆ బిడ్డయందు ఒక పోగు మాత్రమే తెగియుండెను. వాడిప్పుడు బడికి పోవుచు, సాయంకాలము అక్క చేయి పట్టుకొని వీధి చివరవరకు నడిపించుచున్నాడు.

కథ ఇంతటితో ముగియలేదు. గడచిన శ్రీరామనవమికి మా అక్క మా యింటికి వచ్చి, తన చిన్నకుమారునికి మా కూతురి నిమ్మని యడిగెను. ఈసారి మేము మొదట కూతురిని అడిగితిమి. "బావంటే నాకు ఇష్టమే నాన్నా, అన్నయ్య మీద ఇష్టం లాగా" అని ఆమె చెప్పెను. ఆ కారణమొక్కటే చాలును. అయినను అక్కకు రెండవ కారణమును గూడ చెప్పితిమి. ఆమె మొగము నల్లబడినది. "నా ఇంటికి పిల్లనివ్వనంటే, నా రక్తం చెడ్డదనా?" అనెను. "నీ రక్తమూ నా రక్తమూ ఒకటేనక్కా. అందుకే" అంటిమి. ఆమె మంచినీరైన ముట్టక వెడలిపోయెను. ఏడు నెలలు మా గడప త్రొక్కలేదు.

ఆ కార్తిక పూర్ణిమనాడు ఆమెయు కుమారునితో వాడరేవునకు వచ్చి, మాకు కొంత దూరమున నిలిచియుండెను. ముత్తైదువ యన్న మాటయు, కూతురు చెప్పిన జవాబును ఆమె చెవిని పడినవి. ఆమె నీటిలోనుండి నడచివచ్చి ఆ ముత్తైదువతో, "దాని పాపం ఏమీ లేదమ్మా. అది మా అమ్మ ఇంట్లోంచి వచ్చింది, నాలోనూ ఉంది" అనెను. గ్రహణము మాట తెచ్చిన నోటనే ఈ మాట వచ్చుట విని మా మేనకోడలు తల్లివైపు చూచెను. అక్క మాతో నేమియు పలుకలేదు. బిడ్డ చేయి పట్టుకొని మరల అలలలోనికి తీసికొనిపోయెను.

చదువరులారా, మీ యిండ్లలో పెండ్లిమాటలు మొదలైనప్పుడు జాతకములతోపాటు ఒక తెల్లకాగితమును గూడ తెప్పించుడు. రెండువైపుల వంశములను మూడు తరములవరకు అందు గీయుడు. ఎదుగుదల లేని బిడ్డలు, పసితనముననే పోయిన బిడ్డలు ఉన్న యెడల దాచక వ్రాయుడు; వైద్యులకు చూపుడు. పిల్లను, పిల్లవానిని వేరువేరుగా అడుగుడు. ఇదివరకే బిడ్డ పుట్టియున్న యింట, ఆ తల్లిని ఎవరైన నిందించునప్పుడు మావలె అరుగుమీద నూరక కూర్చుండకుడు. ఇంతకంటె కోరునది లేదు. మేము తిరిగి వచ్చుటకు బండి యెక్కువరకు ఆ పిల్ల నీటిలోనుండి మమ్ములను "తా, తా" యని పిలుచుచునే యుండెను.